గోదావరి గీత: కోతులు, కొండముచ్చులు, అడవికోళ్లు ఎక్కడ ఆగుతాయి, ఎందుకు ఆగుతాయి

తిరుమల మెట్లదారిలో కనిపించే కోతి తోక దాదాపు దాని ఒంటి పొడవు ఉంటుంది, కొన్నింటికి అంతకంటే ఎక్కువే. నెత్తిమీది వెంట్రుకలు నడినెత్తి నుంచి చుట్టూ పరుచుకుని చిన్న టోపీ పెట్టినట్టు కనిపిస్తాయి. అదే గోదావరి దాటి ఉత్తరానికి పోతే కోతి తోక పొట్టిది, ఒంటిలో సుమారు సగం. నడుము దగ్గర్నుంచి కిందికి బొచ్చు ఇటుక రంగుకు తిరుగుతుంది, నెత్తిన టోపీ ఉండదు. వాడుకలో రెండూ కోతులే. జీవశాస్త్రంలో మాత్రం అవి రెండు వేరు జాతులు: మొదటిది బోనెట్ కోతి, రెండోది రీసస్ కోతి. బోనెట్ కోతి దక్షిణ భారతానికే పరిమితం, ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు. రీసస్ అఫ్ఘానిస్తాన్ నుంచి చైనా దాకా విస్తరించింది. మనిషిని మినహాయిస్తే వానరజాతుల్లో అంత విశాలంగా వ్యాపించినది ఇంకొకటి లేదు.

పాత పటాల్లో ఈ రెండింటి హద్దు పడమట తపతి నది దగ్గర మొదలై తూర్పున గోదావరి, కృష్ణల వైపు దిగుతుంది. రెండు నదుల నడుమ నేల రెండింటికీ కలిసిన అంచు. ఇది కోతుల ఒక్కటి సంగతే అయితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కొండముచ్చులనూ ఇలాంటి గీతే విడదీస్తుంది. జంతుశాస్త్రవేత్త ఎం.ఎల్. రూన్వాల్ కొండముచ్చులు నడిచేటప్పుడు తోక ఎలా ఎత్తిపెడతాయో దేశమంతటా నమోదు చేశారు. ఉత్తరాది కొండముచ్చు తోకను వీపు మీదుగా తల వైపుకు వంచుతుంది. దక్షిణాదిది వెనక్కి వంచుతుంది. ఈ రెండు అలవాట్లు విడిపోయే చోట గీత గీస్తే అది సుమారుగా తపతి, గోదావరి వెంట పడుతుంది. అడవికోళ్లు కూడా అంతే. ఈశాన్యంలో ఎర్ర అడవికోడి, దక్షిణంలో బూడిదరంగు అడవికోడి, నడుమ మళ్లీ గోదావరి ప్రాంతం. చెట్లలో చూస్తే గుగ్గిలం (సాల్) అడవి ఉత్తరాంధ్రలోనే ఆగిపోతుంది, అక్కడి నుంచి దక్షిణానికి టేకు, నల్లమద్ది, ఎర్రచందనం రాజ్యం.

ఇన్ని జీవుల హద్దులు ఒకేచోట చేరితే తేలిగ్గా తట్టే జవాబు నది అడ్డమని. రాజమండ్రి దగ్గర రోడ్డు-రైలు వంతెన పొడవు రెండున్నర కిలోమీటర్ల పైమాటే. ఆ నీటిని కోడి ఎలా దాటుతుంది, కోతి ఎలా దాటుతుంది అని ఎవరికైనా అనిపిస్తుంది. చాలా పాఠాల్లో వివరణ కూడా అంతటితో ఆగిపోతుంది. కానీ ఆ జవాబు సగమే సరైనది, ఆ సగం కూడా అన్ని జీవులకూ వర్తించదు.

నది అడ్డుగోడ అన్న ఆలోచనకు మూలం అమెజాన్. ఇంగ్లండుకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అక్కడ నాలుగేళ్లు తిరిగి వచ్చి, 1852లో లండన్ జూలాజికల్ సొసైటీలో అమెజాన్ కోతుల మీద ఒక వ్యాసం చదివారు. పెద్ద నదులకు ఈ ఒడ్డున ఒక జాతి, ఆ ఒడ్డున దాని దగ్గరి బంధువు ఉంటున్నాయని అందులో చూపారు. సేకరించిన నమూనా ఏ ఒడ్డుదో రాయకుండా ఊరిపేరు మాత్రమే రాసిపెట్టే అలవాటు వల్ల ఈ విషయం మరుగున పడుతోందని కూడా హెచ్చరించారు. అదే వ్యాసంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని తరచు మరిచిపోతారు: నది పుట్టే చోటికి దగ్గరయ్యేకొద్దీ ఈ తేడా చెరిగిపోతుంది. అక్కడ నది సన్నగా ఉంటుంది కాబట్టి రెండు వైపులా అవే జంతువులు కనిపిస్తాయి.

ఈ పరీక్షను గోదావరికి పెట్టి చూడాలి. నది నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. పై దారిలో చాలాచోట్ల వేసవికి ఇసుక మేటలు బయటపడతాయి, మనుషులూ పశువులూ నడిచే దాటుతారు. కోతికి అది అడ్డమే కాదు. పైగా రీసస్ బాగా ఈదగలదు. పాపికొండల దగ్గర కొండల మధ్య నది కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది, ఆ వెడల్పును ఎగిరే పక్షి లెక్క చేయదు. అయినా వేల ఏళ్లుగా గీత గీతగానే నిలిచిందంటే నిలబెట్టింది నీరొక్కటే కాదన్నమాట.

అసలు ఆటంకం నీళ్లలో కాదు, నేలలో ఉంది. తూర్పు కనుమలను పటంలో ఒకే గొలుసుగా గీస్తారు గానీ అవి తెగిన గొలుసు. ఒడిశా నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీదుగా వచ్చే ఉత్తర భాగం పాపికొండల దగ్గర గోదావరిని తాకి అణిగిపోతుంది. కృష్ణ దాటాక నల్లమల, వెలికొండ, పాలకొండ, శేషాచలం కొండలతో దక్షిణ భాగం మొదలవుతుంది. రాజమండ్రి నుంచి విజయవాడ దాకా సుమారు 150 కిలోమీటర్ల తీరపట్టులో వరి పొలాలు, కొండపల్లి లాంటి విడి గుట్టలు తప్ప కొండల వరుస లేదు. లోపల ములుగు, కొత్తగూడెం వైపు అడవులున్నాయి గానీ అవి పొడి టేకు అడవులు. తేమ కొండకు అలవాటుపడ్డ జీవికి అది పరాయి దేశమే. వాన లెక్క కూడా ఇదే చెబుతుంది. ఉత్తరాన అరకు, పాడేరు కొండల మీద ఏడాదికి 1,200 మిల్లీమీటర్ల పైచిలుకు కురుస్తుంది. అనంతపురంలో కురిసేది సుమారు 550. మధ్యలో గోడేమీ లేదు, తేమ మెట్టుమెట్టుగా దిగుతూ వస్తుంది. ఏ మెట్టు మీద ఏ జీవి ఆగిపోతుందో దాని శరీరం, దాని తిండి నిర్ణయిస్తాయి.

నదికంటే తేమదే పెద్ద మాట అనడానికి గట్టి సాక్ష్యం గోదావరికి చాలా దూరంలో, మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ కొండల్లో ఉంది. చుట్టూ టేకు అడవుల నడుమ అక్కడ ఒక దీవిలా గుగ్గిలం అడవి మిగిలింది. ఆ గుగ్గిలంతో పాటే ఎర్ర అడవికోడి కూడా, తన జాతి ఉండే ప్రధాన ప్రాంతం నుంచి తెగిపోయి మిగిలింది. బారసింగా జింక వ్యాప్తి కూడా చాలావరకు గుగ్గిలం వ్యాప్తితో కలిసి నడిచింది. కోడి గుగ్గిలం గింజ తిని బతికేది కాదు, జింకా కాదు. ఈ మూడూ ఒకే రకమైన తేమను కోరుకున్నాయి. వాతావరణం తడిగా ఉన్న కాలంలో అందరూ ముందుకు వచ్చారు, ఎండాక అందరూ వెనక్కి తగ్గారు, కొండ చల్లగా ఉన్న చోట కొందరు చిక్కుకుపోయారు. పచ్‌మఢీ కోడిని ఏ నదీ ఆపలేదు.

అడవికోళ్ల గురించి ఒక పక్కమాట చెప్పుకోవాలి. ఇంటి కోడికి మూలం ప్రధానంగా ఎర్ర అడవికోడి. కానీ 2008లో వెలువడిన జన్యు పరిశోధన ఒక ఆసక్తికరమైన సంగతి తేల్చింది. పెంపుడు కోళ్ల కాళ్లకు, చర్మానికి పసుపు రంగునిచ్చే జన్యువు ఎర్ర అడవికోడిది కాదు, బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చింది. అడవిలో అంచులకే పరిమితమైన కలయిక మనిషి పెరట్లో జరిగి, దాని ఆనవాలు ఈనాడు ప్రపంచమంతా నడుస్తోంది.

ఏ జాతి హద్దునైనా అర్థం చేసుకోవడానికి పనికొచ్చే ప్రశ్నలు మూడు. అక్కడికి చేరగలదా? చేరితే బతకగలదా? అక్కడ ఇదివరకే అదే పని చేసే పోటీదారు ఉన్నాడా? చాలా వివరణలు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. ఆసియా జంతువులను ఆస్ట్రేలియా వైపు జంతువుల నుంచి విడదీస్తూ, ఇండోనేషియాలోని బాలి, లొంబోక్ దీవుల మధ్య గీసిన ప్రసిద్ధ వాలెస్ గీతకు మొదటి ప్రశ్నే సరిపోతుంది. అక్కడి జలసంధి వెడల్పు కొన్ని పదుల కిలోమీటర్లే అయినా లోతు ఎక్కువ. మంచుయుగంలో సముద్రమట్టం సుమారు 120 మీటర్లు దిగినప్పుడు కూడా అక్కడ నేల బయటపడలేదు. మన పాక్ జలసంధి అలాంటిది కాదు. చాలాభాగం పది మీటర్ల లోతు కూడా ఉండదు కాబట్టి ఆ కాలంలో తమిళ తీరం నుంచి శ్రీలంకకు నడిచి వెళ్లే నేల ఉండేది. గోదావరి దగ్గర మాత్రం మొదటి ప్రశ్నకు జవాబు దాదాపు ఎప్పుడూ 'చేరగలదు' అనే వస్తుంది. నిర్ణయించేవి రెండో ప్రశ్న, మూడో ప్రశ్న.

ఈ లెక్క సరైనదో కాదో బంగారు బల్లితో సరిచూడవచ్చు. కంచి గుడిలో భక్తులు తాకే బల్లి కాదిది, సజీవమైన అడవి బల్లి. సంతాన కాలంలో మగది పసిడి రంగుకు మారుతుంది. 1870లో ప్రకృతి శాస్త్రవేత్త బెడ్డోమ్ తిరుపతి కొండల నుంచి దీన్ని వర్ణించారు. చాలాకాలం అది శేషాచలం సొత్తనే అనుకున్నారు. తర్వాత పాపికొండల్లో, ఇంకా ఉత్తరాన ఒడిశా కొండల్లో కూడా దొరికింది. అంటే కోతులను, కోళ్లను విడదీసిన గీతను ఈ చిన్న బల్లి పట్టించుకోలేదు. కారణం దాని ఇల్లు. దానికి కావలసింది నీడ పడే పెద్ద బండ, బండల మధ్య నెర్రె, దగ్గర్లో కాస్త తడి. గుడ్లు రాతికే అతుక్కుంటాయి, ఒకే బండ మీద చాలా బల్లులు పెడతాయి. చుట్టూ అడవి టేకుదా గుగ్గిలానిదా అన్నది దానికి పెద్ద లెక్క కాదు, బండ ఉంటే చాలు. ఈ ప్రజాతిలో (దగ్గరి బంధువులైన జాతుల గుంపులో) ఇంకొక్క జాతే ఉంది, అది శ్రీలంక గుహల్లో, బండల్లో బతుకుతుంది. లోతులేని పాక్ జలసంధి కథ ఇక్కడ మళ్లీ కలుస్తుంది.

గిరినాగు (కింగ్ కోబ్రా) కథ దీనికి తిరగబడినది. ఉత్తరాంధ్ర కొండల్లో ఉన్న గిరినాగు, పడమటి కనుమల్లో ఉన్న గిరినాగు ఒకటేనని నిన్నమొన్నటి దాకా అందరూ నమ్మారు. 2024లో వచ్చిన వర్గీకరణ ఆ ఒక్క జాతిని నాలుగుగా విడదీసింది. పడమటి కనుమల పాము వేరు జాతి. తూర్పు కనుమలది హిమాలయ పాదాల నుంచి ఈశాన్యం మీదుగా విస్తరించిన ఉత్తరాది జాతి. పటంలో దగ్గరదగ్గరగా ఉన్నట్టు కనిపించే ఈ రెండు పాముల మధ్య ఎండిన దక్కను పీఠభూమి ఉంది. ఆ పొడి నేల నది కంటే గట్టి అడ్డు. ఈశాన్యపు తేమ అడవుల జీవులు పడమటి కనుమలకు ఎలా చేరాయన్న పాత చర్చ కూడా ఇక్కడికే వస్తుంది. 1949లో చేపల శాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా, కొండవాగుల చేపలను చూపి, వింధ్య సాత్పురాల మీదుగా దారి ఉండేదన్నారు. పక్షి శాస్త్రవేత్త హుమాయూన్ అబ్దులాలీ పక్షులను చూపి తూర్పు కనుమల దారిని ముందుకు తెచ్చారు. తర్వాతి జన్యు పరిశోధనల్లో వేర్వేరు జీవులకు వేర్వేరు కాలాలు వస్తున్నాయి. కాబట్టి అందరూ ఒకే దారిన, ఒకే కాలంలో వచ్చారన్న సులువైన కథకు ఇక చోటు లేదు.

ఇన్ని నిర్ణయాలు చివరికి పటం మీది చుక్కల మీద ఆధారపడతాయి. తప్పులు ఎక్కువగా పుట్టేదీ అక్కడే.

ఒక జాతి వ్యాప్తిని, ఏ జాతికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ ఎర్ర జాబితాలో (ఐయూసీఎన్ రెడ్ లిస్ట్) రెండు రకాలుగా కొలుస్తారు. మొదటిది, కనిపించిన చుక్కలన్నిటినీ బయటి అంచుల వెంట తాడు బిగించినట్టు చుట్టి వచ్చే విస్తీర్ణం. ఇది 20,000 చదరపు కిలోమీటర్ల లోపు ఉంటే, ఇతర షరతులు కూడా నెరవేరితే, జాతి ముప్పు జాబితాలోకి వస్తుంది. రెండోది, నేలను రెండు కిలోమీటర్ల గళ్లుగా విభజించి, నిజంగా ఆ జంతువు ఉన్న గళ్లను మాత్రమే లెక్కపెట్టడం. ఒక్కో గడి 4 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ ముప్పు పరిమితి 2,000 చదరపు కిలోమీటర్లు. రెండు కొలతలకూ ఎంత తేడా వస్తుందో బంగారు బల్లితోనే చూడండి. తిరుమల చుక్కను, పాపికొండల చుక్కను, ఒడిశా చుక్కను చుట్టి తాడు బిగిస్తే మధ్యలో కృష్ణా డెల్టా వరిమళ్లు కూడా బల్లి ఇల్లయిపోతాయి. గళ్లు లెక్కపెడితే ఆ భ్రమ పోతుంది. కానీ వెతకని గళ్లన్నీ ఖాళీవిగా లెక్కలోకి వచ్చేస్తాయి.

వెతకని చోటు, లేని చోటు ఒకటి కావు. ఒక జంతువు ఉన్న చోటికి వెళ్లినా ఒక్కసారి వెళితే కనిపించే అవకాశం 30 శాతమే అనుకుందాం. మూడుసార్లు వెళ్లినా అది కనిపించకుండా పోయే అవకాశం 34 శాతం. 'ఇక్కడ లేదు' అని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే తొమ్మిది సార్లు వెళ్లాలి. రాత్రి తిరిగే పక్షులకు, పాములకు ఈ 30 శాతం కూడా చాలా ఎక్కువ అంచనా. ఒక్క పొద్దు తిరిగి వచ్చి 'ఈ అడవిలో లేదు' అని రాసిన సర్వే పటాన్ని చెడగొడుతుంది.

దీనికి కలివి కోడి కంటే మంచి ఉదాహరణ లేదు. 1848లో శాస్త్రానికి తెలిసిన ఈ పక్షికి పాత రికార్డులు పెన్నా లోయ నుంచీ, గోదావరి లోయ నుంచీ కూడా ఉన్నాయి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవి అంచున మళ్లీ దొరికింది. దాన్ని వెతికిన పద్ధతి గమనించదగ్గది. పొదల మధ్య మెత్తటి మన్ను పట్టీలుగా పరిచి తెల్లారి అడుగుల ముద్రలు చూశారు, కెమెరాలు పెట్టారు, పొద్దుగూకే వేళ కూత వినిపించి బదులు కోసం ఆగారు. అలా తేలిన లెక్క ప్రకారం, రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్న చోట అది ఎక్కువగా ఉంటుంది. అంతకంటే పలచబడినా, చిక్కబడినా ఉండదు. కట్టెలు కొడితే నేల బోసిపోతుంది, మేపు పూర్తిగా ఆపేస్తే చిట్టడవి కమ్ముతుంది. ఉపగ్రహ చిత్రంలో రెండూ 'పొదల అడవి' అనే ఒకే రంగులో పడతాయి కాబట్టి చిత్రం ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. ఇంకో మలుపు మ్యూజియంలో వచ్చింది. స్కాట్లాండ్‌లోని అబర్‌డీన్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఒక గుడ్డును 2013లో డీఎన్ఏ పరీక్షతో కలివి కోడిదిగా గుర్తించారు. దాన్ని 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించారు. 1900 తర్వాత కనిపించలేదన్న మాటా, దాని హద్దూ ఆ ఒక్క గుడ్డుతో మారిపోయాయి.

పాత నమూనాల చీటీలతో ఇంకో చిక్కుంది. 'నెల్లూరు' అని రాసి ఉంటే అది ఊరా, జిల్లానా, తీరపు ఇసుకా, ఉదయగిరి కొండా? కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లు అలాంటి చీటీకి జిల్లా కేంద్రం అక్షాంశ రేఖాంశాలు వేసేస్తారు. కొండ బల్లి కలెక్టరాఫీసు పక్కన తేలుతుంది. అక్షాంశం రేఖాంశం తారుమారై చుక్క సముద్రంలో పడటం కూడా మామూలే. అది కనీసం కంటికి కనిపిస్తుంది. ఊరి పక్కన తేలిన తప్పు ఎవరికీ కనిపించదు, అందుకే అది ఎక్కువ ప్రమాదం. వాటికి తోడు, చుక్కలన్నీ రోడ్ల వెంటే చేరతాయి. పౌరులు ఫోన్‌తో నమోదు చేసే వేదికల్లో ఇది మరీ ఎక్కువ. ఘాట్ రోడ్డు ఉన్న కొండకు రెండు వందల జాతులు వస్తాయి, దారిలేని పక్క కొండకు పాతిక. అది కొండల తేడా కాదు, తారు రోడ్డు తేడా.

మళ్లీ కోతుల దగ్గరికి వస్తే, ఆ గీత ఇప్పుడు కదులుతోంది. రీసస్ కోతి దక్షిణానికి జరుగుతూ బోనెట్ కోతి నేలను ఆక్రమిస్తోందని 2011లో వెలువడిన ఒక పరిశోధన వివరంగా చూపింది. రెండూ కలిసిన గుంపులు కూడా నమోదయ్యాయి. ఇక్కడ మూడో ప్రశ్న పనిచేస్తోంది. రెండు జాతులదీ ఇంచుమించు ఒకే తిండి, ఒకే గుడి, ఒకే చెత్తకుండీ. ఒకరు ముందుకొస్తే మరొకరు తగ్గాల్సిందే. బోనెట్ కోతి ఊళ్లలో కళ్లముందే తిరుగుతుంది గనుక దానికి ముప్పుందంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఎర్ర జాబితాలో అది ఇప్పుడు ముప్పున్న జాతుల్లో ఉంది. రీసస్‌కు ఒక రాష్ట్రంలో చోటు తగ్గినా ఆసియా అంతా ఉంది, బోనెట్‌కు దక్షిణాపథం తప్ప ఇంకో ఇల్లు లేదు.

ఈ కదలికలో మనిషి చేయి చాలా ఉంది. ఊళ్లో బెడద ఎక్కువైందని పట్టిన కోతులను బోనుల్లో ఎక్కించి దూరపు అడవిలో వదిలేస్తారు. అవి ఏ జాతివో చూడరు. వేల ఏళ్లు తేమ, కొండ, పోటీ కలిసి నిలిపిన హద్దును ఒక డీజిల్ వ్యాను ఒక రాత్రిలో దాటిస్తుంది. రీసస్ గుంపును కృష్ణకు దక్షిణాన వదిలితే బోనెట్ గుంపుల మధ్య కొత్త పోటీదారును దించినట్టే. తర్వాత పదేళ్లకు అక్కడ పొట్టితోక కోతి కనిపిస్తే, సహజంగా వచ్చిందా, వ్యానులో వచ్చిందా అని ఏ పటమూ చెప్పలేదు.

అందుకే గీత అంచున ఉన్న జిల్లాల్లో, ముఖ్యంగా ఖమ్మం, నల్గొండ, గుంటూరు, కర్నూలు వైపు, కోతి గుంపును నమోదు చేసేటప్పుడు కొన్ని వివరాలు తప్పకుండా రాయాలి. ఫొటో పక్క నుంచి తీయాలి, తోక మొదలు నుంచి కొస దాకా కనిపించాలి. ఎదురుగా తీసిన ముఖం ఫొటోతో చాలాసార్లు తేల్చలేం, కొన్ని బోనెట్ కోతుల ముఖం కూడా ఎర్రగానే ఉంటుంది. తొడల వెనక రంగు, నెత్తిమీది వెంట్రుకల తీరు విడిగా రాసుకోవాలి. తోక తెగిన కోతులు ఊళ్లలో చాలా ఉంటాయి గనుక ఒక్కదాన్ని చూసి తేల్చకుండా గుంపులో కనీసం నాలుగైదు పెద్దవాటిని చూడాలి. ఊరిపేరుతో ఆపకుండా అక్షాంశ రేఖాంశాలు, తేదీ, గుంపులో ఎన్ని ఉన్నాయో వేయాలి. ఆ చుట్టుపక్కల పట్టిన కోతులను వదిలిన సంగతి ఊళ్లోవాళ్లకు తెలిస్తే ఏ ఏడు, ఏ వైపు నుంచి తెచ్చారో అడిగి దాన్నీ చేర్చాలి. వదిలిన సంగతి రాసి ఉన్న చుక్కను సహజ వ్యాప్తి పటంలోంచి తీసేయవచ్చు. ఏమీ రాయని చుక్కను ఎవరూ తీయలేరు.